అమ్మ పేరున్న కణాలు

పోయినవారం నరుమోన్‌ని కవరు చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉండగా వదిలేశాను. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళి చెప్తాను.

పద్నాలుగేళ్ళ కిందట, చీ నది ఒడ్డు పల్లె నుంచి తోంగ్‌సాయ్ అనే నలభై తొమ్మిదేళ్ళ రైతు ఆడమనిషి పిత్తనాళంలో కణితితో యూనివర్సిటీ ఆసుపత్రికి వచ్చింది. మా వైపు ఈ జబ్బు కొత్తది కాదు. ఏటి చేపని పచ్చిగా తరిగి, నిమ్మరసం, కారం కలిపి తినే ఊళ్ళలో కాలేయంలోకి ఓ పురుగు చేరుతుంది. ఇరవై ముప్పై ఏళ్ళు లోపలే ఉండి నాళాన్ని ఒరుసుకుంటూ, పుండు చేసుకుంటూ, ఆఖరికి కణితి పెడుతుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కని గాజుగిన్నెలో పెంచి చూస్తామని, దానివల్ల రేపు ఇంకొకరికి మందు దొరకొచ్చని బన్లూ మేష్టారు అడిగితే తోంగ్‌సాయ్ నవ్విందట. "నన్ను తింటున్నదాన్ని మీరు పెంచుకుంటారా? సరే, పెంచుకోండి. దానికి తిండి మాత్రం కాస్త తక్కువ పెట్టండి" అందట.

ఆపరేషన్ అయిన వారానికి ఆమె పోయింది. కణాలు మాత్రం గిన్నెలో బతికాయి. ఆమె పేరులోని రెండక్షరాలే వాటికి పేరయ్యాయి. కణితి ఎలా విడిపోతుంది, ఏ మందుకి లొంగుతుంది, ఏ మందుని కక్కేస్తుంది, అన్నీ వాటి మీదే చూశారు. మేష్టారికి పేరు వచ్చింది. ఆయన శిష్యురాలు నరుమోన్ డాక్టరేటు వాటి మీదే. ఇప్పుడు ఆ ల్యాబు నడిపేది ఆవిడే. ప్రతి ఏడూ పదో నెల పౌర్ణమికి, చనిపోయినవాళ్ళకి అన్నం పెట్టుకునే రోజున, తోంగ్‌సాయ్ కూతురు దువాంగ్‌తా గుడి నుంచి నేరుగా ల్యాబుకి వచ్చి, మైక్రోస్కోపులో తల్లిని చూసుకుని వెళ్ళేది.

ఈసారి ఒక వైద్య పత్రికవాళ్ళు నరుమోన్ వ్యాసం అచ్చు వెయ్యాలంటే ఆ కణాలు ఎవరివో డీఎన్ఏ పరీక్షతో రుజువు చూపించమన్నారు. ఈమధ్య అందరినీ అడుగుతున్నారు, అదో తంతు. నరుమోన్ మూడు వేర్వేరు ఏళ్ళలో గడ్డకట్టించి దాచిన కణాల సీసాలు మూడు పంపించింది. ఆ జవాబే ఆ కవరు.

*

కవరులో రెండే కాగితాలు.

మొదటి దాంట్లో అంకెల పట్టిక. పట్టిక చివరి గడిలో రెండక్షరాలు, ఎక్స్, వై. మూడు సీసాలకీ అదే.

నరుమోన్ మెట్టు మీద కూర్చుండిపోయింది. వై మగవాళ్ళ కణాల్లో ఉండేది. తోంగ్‌సాయ్ ఇద్దరు పిల్లల్ని కన్న తల్లి.

రెండో కాగితంలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. మీరు పంపిన కణాలు ఫలానా పాత కణాలతో పూర్తిగా సరిపోయాయి, అవి అరవై రెండేళ్ళ మగమనిషి కణితి నుంచి వచ్చినవి, బహుశా ఒకదాంట్లో ఇంకొకటి కలిసి ఉంటుంది, ఇలా జరగడం అరుదేమీ కాదు. ఆ ఫలానా కణాలు నరుమోన్‌కి బాగా తెలుసు. మేష్టారు ఎప్పుడో విదేశం నుంచి తెప్పించారు. కణాలని గడ్డకట్టించి దాచే వాళ్ళ నైట్రోజన్ పీపాలోనే, తోంగ్‌సాయ్ పేరున్న అరకి రెండరల కింద ఉంటాయి. మొండివి. ఒక్క బొట్టు ఎక్కడ పడినా పది రోజుల్లో గిన్నె నిండా పాకిపోతాయి.

ఆమె కాగితాలు మడిచి కోటు జేబులో పెట్టుకుని లోపలికి నడిచింది.

కణాలు పెంచే గదిలో సామ్నియెంగ్ చేతులకి స్పిరిట్ రాసుకుంటోంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలోనే పనిచేస్తున్న మనిషి. నరుమోన్‌ని విద్యార్థినిగా ఉన్నప్పటినుంచీ చూసింది కాబట్టి 'నువ్వు' అనే అంటుంది. తోంగ్‌సాయ్ కణాలని 'పెద్దమ్మ' అంటుంది.

"పెద్దమ్మకి ఇప్పుడే తిండి మార్చాను" అంది సామ్నియెంగ్. "ఇవాళ దువాంగ్‌తా వస్తుంది కదా, మంచి గిన్నె ఒకటి పక్కన పెట్టాను. తల దువ్వి పౌడరు రాసినట్టు ఎంత చక్కగా ఉందో చూడు."

నరుమోన్ ఆ గిన్నె వైపు చూడకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"మొహం ఏమిటి అలా ఉంది? పొద్దున్నుంచీ ఏమీ తినలేదా? గుడి నుంచి తెచ్చిన పేలాల ఉండలున్నాయి, బల్ల మీద."

"మేష్టారు వచ్చారా పిన్నీ?"

"ఆయన రాని రోజేది? రిటైరై ఆరేళ్ళయినా ఎనిమిదింటికల్లా కుర్చీలో ఉంటారు. అన్నట్టు, ఇవాళ దువాంగ్‌తా కోసం కొత్త చొక్కా తొడుక్కొచ్చారు."

*

బన్లూ మేష్టారి గది వరండా చివర. పుస్తకాలన్నీ యూనివర్సిటీకి ఇచ్చేశాక మిగిలింది ఒక బల్ల, రెండు కుర్చీలు, నోటు పుస్తకాలు పెట్టుకునే ఇనప బీరువా. ఆయనకి డెబ్బై ఒకటి. కుడిచెయ్యి వణుకుతుంది కాబట్టి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు.

నరుమోన్ కాగితాలు ఆయన ముందు పరిచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొదటి కాగితం చదివారు. రెండోది చదవలేదు. బల్ల మీద బోర్లించారు.

"మూడు సీసాలూ అంతేనా?" అన్నారు.

"మూడూ అంతే."

"అన్నిటికంటే పాతది?"

"మొదటి ఏడాది సెప్టెంబరుది. అదీ అంతే మేష్టారూ."

ఆయన తలూపారు. నరుమోన్ ఆ తలూపడం చూసింది. దెబ్బ తగిలిన మనిషి తలూపినట్టు లేదు. ఎప్పటినుంచో వస్తాడని తెలిసిన మనిషి గుమ్మంలోకి వస్తే తలూపినట్టుంది.

"మీకు తెలుసు" అంది.

"తెలియదు."

"మేష్టారూ."

"తెలియదనే చెప్తున్నాను. తెలుసుకోలేదు." ఆయన లేచి బీరువా తలుపు తీశారు. తాళం వేసి లేదు. కింది వరుసలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి, వెతుక్కోకుండానే ఒక పేజీ తెరిచి ఆమె వైపు తిప్పారు. "చదువు."

అప్పట్లో ఆయన చెయ్యి వణికేది కాదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆగస్టు పదకొండు: సగం తేలాయి. పదిహేను: ఒక మూల పదీ పదిహేను మాత్రమే అంటుకుని ఉన్నాయి. పందొమ్మిది: ఒక్కటీ లేదు.

బతికున్న కణం గిన్నె అడుగుని పట్టుకుని ఉంటుంది. చచ్చినది పట్టు వదిలి పైకి తేలుతుంది. నరుమోన్‌కి ఎవరూ వివరించక్కర్లేదు.

"గిన్నె పారెయ్యలేకపోయాను" అన్నారు మేష్టారు. "తిండి మార్చి మళ్ళీ లోపల పెట్టాను. పదకొండు రోజుల తర్వాత తీసి చూస్తే ఒక గుంపు. మర్నాటికి రెండింతలు. ఆ కణాల పెరుగుదల నాకు కొత్తది కాదు అమ్మాయ్. విదేశం కణాలు అలాగే పెరగడం ఆ ఏడాది అంతా రోజూ చూస్తున్నదే. ఒకే బల్ల మీద రెండూ పెట్టుకుని, ఒకే సీసాలోంచి రెంటికీ తిండి పోశాను. ఎక్కడ కలిసిందో ఆ క్షణమే ఊహించగలిగాను."

పేజీ అడుగున, ఆగస్టు ముప్పై ఎదురుగా ఒక ప్రశ్నార్థకం ఉంది. దాని పక్కన ఇంకేమీ లేదు.

"అప్పుడు పరీక్ష చేయించాల్సింది" అంది నరుమోన్.

"చేయించాల్సింది."

"ఎందుకు చేయించలేదు?"

ఆయన కిటికీ వైపు చూశారు. "నువ్వు అప్పుడు లేవు. దువాంగ్‌తాకి ఇరవై ఒకటి. తల్లి పోయిన దగ్గర్నుంచీ ప్రతి శుక్రవారం బస్సెక్కి ఇక్కడికొచ్చేది. గుమ్మంలో నిలబడి ఒకటే అడిగేది. 'అమ్మ ఉందా మేష్టారూ?' అని. ఉందమ్మా అనేవాణ్ణి. పందొమ్మిదో తేదీ తర్వాత శుక్రవారం కూడా ఉందనే అన్నాను. లేదనడానికి నోరు రాలేదు. ఆ పై శుక్రవారానికి గిన్నెలో నిజంగానే ఏదో ఉంది. అది ఉన్నాక..." ఆగారు. "ఆ పిల్ల మీదకి నెట్టేస్తున్నానని అనుకోకు. ఆ గుంపుని చూసినప్పుడు నాకే పట్టరాని సంతోషమేసింది. మన నేల మనిషి కణాలు, మన జబ్బు, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేవు అని. ఆ సంతోషం పోగొట్టుకోవడం ఇష్టంలేకపోయింది. అంతే."

నరుమోన్‌కి కోపం రావాలి. వస్తుందనే అనుకుంది. ఆరేళ్ళు తను రాసిన డాక్టరేటు, పురుగు కొరికిన నాళం గురించి తను చెప్పిన ప్రతి వాక్యం, పచ్చి చేప ముఖం కూడా ఎరగని ఎవరో మనిషి కణాల మీద నిలబడ్డాయి. ఆ వాక్యాలు చదివి వేరే ఊళ్ళలో ఎంతమంది మొదలుపెట్టిన పనులో. అన్నీ వరసగా గుర్తొస్తున్నాయి కానీ కోపం రావడం లేదు.

"వ్యాసాలన్నీ వెనక్కి తీసుకోవాలి" అంది.

"తీసుకుందాం. నా పేరు మీద ఉత్తరం రాయి. తప్పు నాదని రాయి, నీకు తెలియదని రాయి. ఇవాళే సంతకం పెడతాను." ఆయన నల్ల పుస్తకం మూశారు. ఎడంచేత్తో దాన్ని అదిమి పెట్టారు. "ఒక్కటి అడుగుతాను. ఆ పిల్లకి చెప్పకు."

"మేష్టారూ, అదెలా?"

"ఆమె పత్రికలు చదవదు. ఏడాదికోసారి వచ్చి అయిదు నిమిషాలు చూసుకుపోతుంది. నేను ఎన్నాళ్ళో ఉండను. నేనున్నంతవరకూ చూసుకోనీ."

"ఎవరిని చూసుకోనీ?"

ఆయన కళ్ళజోడు తీసి కొత్త చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"పద్నాలుగేళ్ళు ఆమె చేత ఎవరికో దణ్ణం పెట్టించాం" అంది నరుమోన్. "ఇవాళ తెలిశాక కూడా పెట్టిస్తే, అప్పుడది మీ తప్పు కాదు, నాది."

వరండాలో చెప్పులు విప్పుతున్న చప్పుడయింది. సామ్నియెంగ్ గొంతు వినిపించింది. "రా రా, ఈసారి ఇంత చిక్కిపోయావేంటి? మీ అత్తగారు అన్నం పెట్టడం మానేసిందా?"

"ఆవిడే నా చేత వండించుకుని తింటోంది పిన్నీ" అని దువాంగ్‌తా నవ్వుతూ అంటోంది.

*

దువాంగ్‌తా గుడికి కట్టుకున్న నేత పావడా, భుజం మీద కండువాతోనే వచ్చింది. చేతిలో అరిటాకు పొట్లం. లోపల జిగురన్నం, కాల్చిన చేప, పేలాలూ నువ్వులూ బెల్లం కలిపి చేసిన ఉండ. పొట్లానికి పుల్లతో గుచ్చిన చీటీ మీద తల్లి పేరు. ఇలాంటిదే ఒకటి పొద్దున గుడిలో ఇచ్చి వచ్చింది. రెండోది ప్రతి ఏడూ ల్యాబు బల్ల మీద పెడుతుంది. సామ్నియెంగ్ సాయంత్రం దాన్ని తీసి బయట చెట్టు మొదట్లో పెట్టొస్తుంది.

నరుమోన్ ఏమీ మొదలుపెట్టకముందే దువాంగ్‌తా అలవాటుగా మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఎత్తు సరిచేసుకోవడం కూడా ఆమెకి వచ్చు.

"అబ్బ, ఈసారి ఎంతమందో" అంది కన్ను ఆనించి. "అమ్మా, వాన ఆలస్యమైంది ఈ ఏడు. నాట్లు ఎలాగో పడ్డాయి. తమ్ముడికి రెండో పిల్ల. ముక్కు అచ్చం నీదే." కాస్త ఆగి, "అక్కా, ఈ మూల ఒకటి రెండుగా విడిపోతోంది, చూశావా?" అంది.

నరుమోన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. చెప్పడానికి పొద్దున్నుంచీ ఎన్ని రకాలుగా అనుకున్నా ఆఖరికి తిన్నగానే చెప్పింది.

"దువాంగ్‌తా, అది అమ్మ కాదు."

దువాంగ్‌తా కన్ను తియ్యలేదు. "ఏది?"

"ఆ కణాలు మీ అమ్మవి కావు. పరీక్ష చేయించాం, ఇవాళే తెలిసింది. ఎవరో మగమనిషివి. చాలా ఏళ్ళ కిందట, మొదట్లోనే, వేరే గిన్నెలోవి మీ అమ్మ గిన్నెలో కలిసిపోయాయి. మీ అమ్మవి బతకలేదు. మాది తప్పు. మేం చూసుకోలేదు."

తలుపు దగ్గర సామ్నియెంగ్ చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడా ఇప్పుడే వింటోంది.

దువాంగ్‌తా మెల్లిగా తల ఎత్తి గిన్నెని ఉత్త కళ్ళతో చూసింది. ఉత్త కళ్ళకి గులాబీ రంగు నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు.

"ఎప్పుడు పోయింది?" అంది.

"ఏమిటి?"

"అమ్మ. ఇక్కడున్న అమ్మ. ఎప్పుడు పోయింది?"

నరుమోన్ నోరు తెరిచేలోగా వెనక నుంచి జవాబొచ్చింది. "ఆగస్టు పందొమ్మిది."

బన్లూ మేష్టారు గుమ్మంలో ఉన్నారు. నల్ల పుస్తకం గుండెకి ఆనించి పట్టుకున్నారు. "పొద్దున్న తొమ్మిదింటికి చూశాను తల్లీ. అప్పటికే అయిపోయింది. ఆ శుక్రవారం నువ్వొచ్చి అడిగితే ఉందని అబద్ధం చెప్పాను. నరుమోన్‌కి ఇందులో ఏమీ తెలియదు. ఇవాళే తెలిసింది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఒప్పుకోలేదు."

దువాంగ్‌తా వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. "అమ్మ ఊపిరి పోయింది జూన్ తొమ్మిదిన. అంటే ఇంకో రెండు నెలల పదిరోజులు."

"అవును."

"ఆ రెండు నెలల పదిరోజులూ మాత్రం నిజంగానే ఉందా మేష్టారూ? నేనొచ్చి చూసింది అమ్మనేనా?"

"అమ్మనే తల్లీ. ఆ రోజుల్లో నువ్వు చూసింది మీ అమ్మనే."

ఆమె పెదవి బిగబట్టి తలూపింది. ఏడుస్తుందని సామ్నియెంగ్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఏడ్చింది సామ్నియెంగే. గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళూ పెద్దమ్మా పెద్దమ్మా అని పిలిచానే" అని గొణిగింది.

"మరి ఈయన ఎవరు?" అంది దువాంగ్‌తా గిన్నె చూపిస్తూ.

"పేరు తెలియదు" అంది నరుమోన్. "పేర్లు రాసి ఉంచరు. సముద్రం అవతల దేశం. అరవై రెండేళ్ళు అని మాత్రం ఉంది. ముప్పై ఏళ్ళయి ఉంటుంది పోయి."

"వాళ్ళవాళ్ళకి తెలుసా, ఈయన ఇక్కడున్నాడని?"

"తెలిసి ఉండదు."

"అంటే ఈయనకంటూ ఎవరూ రారు చూడ్డానికి."

"ఎవరూ రారు."

దువాంగ్‌తా అరిటాకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని పుల్ల లాగి చీటీ తీసింది. తల్లి పేరున్న ఆ చీటీని మడిచి రవికలో దోపుకుంది. నరుమోన్ కోటు జేబులోంచి తనే పెన్ను తీసుకుని, బల్ల మీది కాగితం అంచు చింపి, వంచిన తల ఎత్తకుండా నెమ్మదిగా రాసింది. 'ఊరు పేరు తెలియని పెద్దాయనకి.' దాన్ని పొట్లానికి గుచ్చి మైక్రోస్కోపు పక్కన పెట్టింది.

"పద్నాలుగేళ్ళు అమ్మ అన్నం తిన్నాడు" అంది. "ఈ ఏడు తన పేరు మీద తిననీ. మన జిగురన్నం ఆయనకి సయించిందో లేదో పాపం."

అప్పుడొచ్చింది ఏడుపు. రెండు చేతులూ మొహం మీద కప్పుకుని, చప్పుడు బయటికి రానివ్వకుండా, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. మేష్టారు గుమ్మం దాటి లోపలికి రాలేదు. నరుమోన్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. ఎంతసేపని తెలియదు. బయట ఎవరో విద్యార్థులు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఏడుపు ఆగాక దువాంగ్‌తా కండువాతో మొహం తుడుచుకుని కిటికీ వైపు తిరిగింది. వెలుగు కళ్ళ మీద పడింది. తెల్లగుడ్లలో పసుపు ఉంది. ఏడ్చిన ఎరుపు కింద సన్నగా, పలచటి పసుపు. పదేళ్ళకి పైగా ఈ జబ్బునే చదువుతున్న నరుమోన్ దాన్ని గుర్తుపట్టకుండా ఉండలేకపోయింది. చిక్కిపోయిన చెంపలు, రవిక వదులు, ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ళకి కట్టాయి.

"దువాంగ్‌తా, ఒంట్లో ఎన్నాళ్ళ నుంచి బాగోలేదు?"

"చెప్దామనే వచ్చాను అక్కా." ఆమె సంచిలోంచి ఆసుపత్రి కాగితాలు తీసి ఇచ్చింది. "ఒళ్ళు దురద అని వెళ్తే కడుపు స్కానింగు తీశారు. అమ్మకి ఎక్కడో నాకూ అక్కడే. వచ్చే మంగళవారం ఆపరేషన్. నేను పచ్చి చేప తినడం మానేసి పద్నాలుగేళ్ళయింది. కానీ చిన్నప్పుడు అమ్మ పళ్ళెంలోంచే తిన్నాను కదా."

నరుమోన్ స్కానింగు కాగితం చదివింది. చిన్నదే. తీసెయ్యగలిగే చోటే ఉంది. తల్లిలా జబ్బు ముదిరాక కాదు, ముందే వచ్చింది. ఆ మాట చెప్పింది.

"డాక్టరూ అదే అన్నాడు. భయం లేదు అన్నాడు. ఆయనకి లేదు." దువాంగ్‌తా కొంచెం నవ్వింది. "అక్కా, నేను ఇవాళ ఒకటి అడుగుదామనుకుని వచ్చాను. నాది కూడా తీసి పెంచండి, అమ్మ పక్కనే పెట్టండి అని. బస్సులో వస్తూ అదే అనుకున్నాను. నాకేమైనా అయినా ఇద్దరం ఒకే పెట్టెలో ఉంటాం, తమ్ముడు ఏడాదికోసారి వచ్చి ఇద్దరినీ చూసి వెళ్తాడు అని. ఇప్పుడేమో పక్కన అమ్మ లేదు."

నరుమోన్ స్కానింగు కాగితం మడిచి ఆమెకి తిరిగిచ్చింది.

"అయినా తీసుకోండి" అంది దువాంగ్‌తా. "నాది నిజంగా నాదే అని పరీక్ష చేసి, నా పేరు రాసి, చచ్చిపోతే చచ్చిపోయిందని చెప్పండి. ఆ కాగితమేదో ఇవ్వండి, సంతకం పెడతాను."

అనుమతి కాగితాలు బల్ల సొరుగులోనే ఉంటాయి. నరుమోన్ ఒకటి తీసింది. తన ల్యాబుకి ఇప్పుడు ఇలాంటి కాగితం ముట్టుకునే అర్హత ఉందో లేదో ఆమెకే తెలియదు. దువాంగ్‌తా తన గడులన్నీ నింపి, ఒక గడి దగ్గర ఆగింది. ఆపరేషన్ గది నుంచి ముక్కని ఎవరు అందుకుంటారో వాళ్ళ పేరు రాసే గడి.

"ఇక్కడ మేష్టారి పేరు రాయండి" అంది.

సామ్నియెంగ్ తల ఎత్తింది. "ఆయన పేరా? ఇంత విన్నాక కూడానా?"

"అమ్మ ఏ రోజు పోయిందో రాసి పెట్టుకున్న మనిషి ఆయనొక్కడే పిన్నీ. పద్నాలుగేళ్ళు దాచాడు కానీ చెరిపెయ్యలేదు. అడగ్గానే తారీకు చెప్పాడు. ఈసారి దాచడు."

బన్లూ మేష్టారు గుమ్మం దాటి లోపలికొచ్చారు. కొత్త చొక్కా చెమటకి తడిసింది. పెన్ను ఆయన చేతికిచ్చింది నరుమోన్. ఆయన తీసుకోలేదు.

"రాయకు" అన్నారు. "ముందు ఇంకొకటి చెప్పాలి. ఇది విన్నాక కూడా నా పేరు రాస్తానంటే అప్పుడు రాయి."

"ఇంకా ఏముంది మేష్టారూ?" అంది నరుమోన్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆయన ఆమె వైపు చూడలేదు. దువాంగ్‌తాతోనే మాట్లాడారు. "ఆపరేషన్ రోజున మీ అమ్మ ముక్కని రెండు చేశాను తల్లీ. ఒకటి గిన్నెలో వేశాను. రెండోదాన్ని ఆ మధ్యాహ్నమే గడ్డకట్టించాను. దాంట్లో ఏదీ కలిసే వీలు లేదు, ఇంకా ఏ గిన్నె పక్కనా పెట్టలేదు కాబట్టి. దాన్ని తీసి పరీక్ష చేస్తే గిన్నెలోవి మీ అమ్మవి కావని తేలిపోతుంది. అందుకే తియ్యలేదు. పట్టికలో కూడా ఎక్కించలేదు. పీపా అడుగున, నా పేరున్న పెట్టెలో ఉంది."

సామ్నియెంగ్ చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టేసింది.

"అది అమ్మేనా?" అంది దువాంగ్‌తా చాలా నెమ్మదిగా.

"అమ్మే."

"బతికుందా?"

"కరిగిస్తేగానీ తెలియదు. బతికి ఉండొచ్చు, గిన్నె అడుగుని పట్టుకోవచ్చు. పట్టుకోకపోవచ్చు. ఒక్కటే సీసా తల్లీ. ఒకసారి కరిగించామంటే మళ్ళీ వెనక్కి పెట్టలేం."

దువాంగ్‌తా చేతిలోని కాగితం బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. పసుపు పడిన కళ్ళతో ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, ఆఖరికి నరుమోన్ దగ్గర ఆగింది.

"ఆ పీపా ఎక్కడ ఉంది అక్కా? నన్ను తీసుకెళ్ళు" అంది.